శంకరవ్వ పలుచని గంజి

మా నాయనమ్మ పేరు కిష్టవ్వ. ఎదురింటి ఆమె పేరు శంకరవ్వ. వీళ్లిద్దరూ తొమ్మిదేళ్లపాటు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. తొమ్మిదేళ్లంటే మాటలా? మనం మొగుడితో పోట్లాడితే పూట గడవకముందే అన్నం తిన్నావా అని అడుగుతాం. పోనీ ఒకరికొకరు దూరంగా ఉన్నారా అంటే అదీ లేదు. రెండు గడపలకూ మధ్య పట్టుమని పది అడుగులు. ఇటు నాయనమ్మ తుమ్మితే అటు శంకరవ్వ 'చిరంజీవ' అనబోయి పళ్లు బిగబట్టుకునేదట.

నేను కిష్టవ్వ మనవరాలిని. రాస్తున్నది మాత్రం శంకరవ్వ గురించి. మా నాయనమ్మ ఉండి ఉంటే నా వీపు విమానం మోత మోగించేది. మోగిస్తే మోగించనీ. నిజం చెప్పాలంటే నేను ఈ భూమ్మీద ఉన్నది శంకరవ్వ మొండితనం వల్లనా, ఆ మొండితనం ఒక్క ఘడియ సడలడం వల్లనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. చదివి మీరే తేల్చండి.

మాది సుల్తానాబాద్‌లో సాలెవాడ. వాడ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక్క బండి పట్టే సందు, అటూ ఇటూ కలిపి పాతిక ఇళ్లు, ఇంటికో గుంట మగ్గం. సందు పై కొస ఊళ్లోకి, బస్సులు పోయే సడక్ మీదికి పోతుంది. కింది కొస వాగులో దిగుతుంది. మా ఇల్లు, శంకరవ్వ ఇల్లు కింది కొసనే.

నేతపని అంటే అందరికీ మగ్గం కనిపిస్తుంది. అంతకంటే ముందు పని ఒకటుంది, అది వీధిలో జరుగుతుంది. పడుగుకు గంజి పెట్టడం. పడుగు అంటే బట్టలో నిలువునా ఉండే పోగులు. అలాంటివి రెండు వేల పోగులను నలభై గజాల పొడవున, సందు మధ్యలో, నడుమెత్తున సాగదీసి రెండు చివరలా గుంజలకు కట్టాలి. గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతూ దువ్వుతూ ఆరబెట్టాలి. తెల్లవారుతూనే మొదలుపెడితే ఎండ ముదిరేలోపు అయిపోతుంది. కానీ ఆరేదాకా దాన్ని కదిలించకూడదు. తడిమీద దించి చుట్టబెట్టారా, పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఆ నూలు ఇక పొయ్యి రాజెయ్యడానికే.

అందుకే గంజి పెట్టిన పొద్దు శంకరవ్వ దేవుడు దిగివచ్చినా పడుగు దించేది కాదు. ఒకసారి తహసీల్ కచేరి జీపు వచ్చి హారన్ మీద హారన్ కొట్టింది. శంకరవ్వ కుంచె ఆగలేదు. అందులోని సాబు దిగి, "నేనెవరో ఎరికేనా?" అని గుడ్లురిమాడు.

"ఎవలైతేంది సారూ! నీ జీపు ఎనుకకు పోతది, నా పడుగు పోదు," అంది శంకరవ్వ.

జీపు వెనక్కి పోయింది. ఇంకోసారి పెళ్లి ఊరేగింపు వచ్చింది. పెళ్లికొడుకు గుర్రం దిగి, గోడకు వీపు ఆనించి, నలభై గజాలూ ఎండ్రకాయలాగా అడ్డంగా నడిచాడు. కొత్త షేర్వాణీ వెనకంతా గోడ సున్నమే. ఆ పెళ్లికూతురికి ఇప్పుడు మనవలు. ఇప్పటికీ మొగుడి మీద కోపమొస్తే "సున్నప్పెండ్లికొడుకా" అని పిలుస్తుంది. అబద్ధమైతే నన్నడగండి. మొండివాడు రాజు కంటే బలవంతుడని పెద్దలు ఊరికే అనలేదు.

సరే, ఇద్దరికీ మాటలు ఎందుకు పోయాయో చెప్పాలి కదా. పోలీస్ యాక్షన్ అయిన ఏడు. ఒక పొద్దున శంకరవ్వ గంజి కుండ ముందు పెట్టుకుని పడుగు దగ్గర కూర్చుంది. మా నాయనమ్మ నీళ్లబిందెతో పోతూ పోతూ ఊరుకోవచ్చా? లేదు. వంగి కుండలో వేలు ముంచింది. రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. మా నాయనమ్మది చిక్కని గంజి, ఆమె ఇంటి బట్ట పెళపెళలాడేది. శంకరవ్వది పలుచన. మగ్గం మీద పోగు తెగొద్దంటే గంజి జర పలుచనుండాలన్నది ఆమె లెక్క.

"ఇగో శంకరీ," అంది నాయనమ్మ వాడంతా వినేటట్టు, "గిది పడుగుకు వెట్టే గంజా, బాలింతకు వోసే గంజా?"

పాతిక ఇళ్లూ పకపకా నవ్వాయి. సాలోళ్ల ఆడదాన్ని ఏమన్నా అనండి, నల్లగున్నావనండి, వంట రాదనండి, పడుతుంది. గంజి బాగాలేదంటే మాత్రం పడదు. శంకరవ్వ కుంచె పట్టుకునే లేచింది.

"గదే నోటితోని నా గంజి మంచిగున్నదని నువ్వు అనాలె. అననిదాక నీతోని మాట్లాడితే నేను శంకరవ్వనే గాదు!"

"ఓహో! ముందుగాల నువ్వు పల్కరియ్యంది నేను నోరు దెరిస్తే నన్ను చెప్పుతోని కొట్టు!" అంది మా నాయనమ్మ. ఆమె మాత్రం తక్కువ తిందా?

అంతే. ఇక మాట్లాడాల్సి వస్తే మధ్యలో మా మేక ఉండేది. "ఓ మేకా, నిన్ను సాదుకునేటోళ్లకు కట్టేసుడు శాతగాదా? నా దండెం మీది చీర నమిలినవ్!" అని శంకరవ్వ అరిచేది. "ఓ మేకా, దండెం జర మీదికి కట్టుకోమని చెప్పు!" అని నాయనమ్మ జవాబిచ్చేది. మేక మాత్రం నములుతూనే ఉండేది.

ఇలా తొమ్మిదేళ్లు గడిచి, నయా పైసలు వచ్చిన ఏడు వచ్చింది. ఆ ఏడు శంకరవ్వకు పెద్ద చిక్కు వచ్చి పడింది.

ఆమె భర్త సాంబయ్య బంగారం లాంటి మనిషి. ఏడాదికి పది మాటలు మాట్లాడేవాడేమో. ఆ రోజుల్లో నూలు దొరకడం లేదు. మగ్గాలు నెలల తరబడి ఊరికే ఉండేవి. వాడలో సగం మంది మగవాళ్లు షోలాపూర్ మిల్లులకు పోయారు. పోయినవాళ్లు పండుగకు వచ్చేవారు, తర్వాత పండుగకూ రాలేదు. సాంబయ్య తమ్ముడు అక్కడి నుంచి రమ్మని ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. శంకరవ్వ ఒక్కటే మాట అనేది. "నా మొగడు నా ఇంట్ల, నా మగ్గం మీద కూసుంటడు. షోలాపూర్ గీలాపూర్ జాన్తా నై!"

ఎట్టకేలకు కొత్తగా పెట్టిన నేతగాళ్ల సంఘం వాళ్లు ఒక పడుగుకు సరిపడా నూలు ఇచ్చారు. దసరాలోపు పది ధోతులు నేసి ఇస్తే ప్రతి నెలా నూలు ఇస్తామన్నారు. ఇవ్వకపోతే లేదు. ఆ రాత్రి సాంబయ్య తన పది మాటల్లో నాలుగు ఖర్చు పెట్టాడు. "అయితే ఉంట. కాకుంటే పోత." పెళ్లయ్యాక ఆయన పెట్టిన షరతు అదొక్కటే. శంకరవ్వ సరేనంది. అంటే ఆమె సంసారం మొత్తం ఆ రెండు వేల పోగుల మీద ఉంది.

భాద్రపదం. మూడు రోజుల నుంచి ముసురు. వాగు రెండు దరులూ ఒరుసుకుని పారుతోంది. నాలుగో రోజు తెల్లవారి వాన ఆగింది గానీ మబ్బు విడవలేదు. వాడంతా వద్దంది. "ఇయ్యాల గంజి వెట్టకే, ఎండ రాదు," అని ముసలివాళ్లు కూడా చెప్పారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా! శంకరవ్వ పడుగు సాగదీసింది, గంజి పెట్టింది. ఏడు గంటలైంది. ఎండ రాలేదు. పడుగు నీళ్లోడుతూనే ఉంది. ఆ చివర సాంబయ్య, ఈ చివర శంకరవ్వ కుంచెలతో దువ్వుతూనే ఉన్నారు.

అప్పుడే మా ఇంట్లోంచి కేకలు. ఆ కేకలు మా అమ్మవి. కారణం నేను.

మా అమ్మ సత్తవ్వకు ముందు రోజు రాత్రి నుంచి నొప్పులు. మంత్రసాని ఐలవ్వ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని గాదు. కరీంనగర్ దవాఖానకు తీస్కపోర్రి, జల్ది!" అంది. కరీంనగర్ బస్సు ఎనిమిదింటికి సడక్ మీదికి వస్తుంది. అది పోతే మళ్లీ సాయంత్రమే. మా బాపు, అంటే మా నాన్న, పరుగెత్తి చాంద్‌పాషాను పిలుచుకొచ్చాడు. వాడలోకి నూలు బేళ్లు తోలే బండి ఆయనది, ఆ పొద్దు మా పెరట్లోనే విడిచి ఉంది. గడ్డి పరిచి, మా అమ్మను పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని నాయనమ్మ కూర్చుంది. బండి పదిహేను అడుగులు నడిచి ఆగిపోయింది. ఎదురుగా నలభై గజాల తడి పడుగు. వెనక వాగు. పెళ్లికొడుకులాగా గోడ వెంట జారిపోవడానికి మా అమ్మ నిలబడగలిగితే కదా!

నాయనమ్మ మాట్లాడలేదు. కోడలి ప్రాణం మీదికి వస్తే కూడా పంతమేనా అని మీకు ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. పెద్దయ్యాక ముఖం మీదే అడిగాను. "పంతం గాదు బిడ్డా, నోరు రాలే," అంది. "గా పడుగు ఆమెకు ఏందో నాకు ఎరికే గద. దించుమని ఏ మొకం వెట్టుకోని అడుగుదు?"

చాంద్‌పాషా గొంతు సవరించుకున్నాడు. "శంకరవ్వా, జర..." అన్నాడో లేదో, శంకరవ్వ చేతిలోని కుంచె పోయి గోడకు తగిలింది. గుంజకు కట్టిన తాడు లాగి విప్పేసింది. నీళ్లోడుతున్న పడుగును బారలు బారలుగా భుజాన వేసుకుంటూ ముందుకు ఉరికింది.

ఆ చివర సాంబయ్య నోరు తెరిచి నిలబడ్డాడు. "ఇడువు!" అని అరిచింది.

"ఇడిస్తే..."

"ఇడువుమన్ననా, లేదా?"

సాంబయ్య విడిచాడు. రెండు నిమిషాల్లో సందు ఖాళీ. శంకరవ్వ ఆ తడి ముద్దను ఎత్తుకుని గోడకు అతుక్కుంది, మెడ నుంచి కాళ్ల దాకా గంజి కారుతూ. నాయనమ్మ ఆమెనే చూస్తూ బండిలో రాయిలాగా కూర్చుంది. పక్కకు ఒరిగిపోతున్న మా అమ్మను పట్టుకోవాలన్న సోయి కూడా లేదు.

"ఏం జూస్తున్నవే కిష్టవ్వా!" అని గావుకేక పెట్టింది శంకరవ్వ. "నోట్లె బెల్లంగడ్డ వెట్టుకున్నవా? పొల్లను గట్టిగ వట్టుకో! పాషా, తోలు!"

బండి కదిలింది. బస్సు దొరికింది. మధ్యాహ్నానికి దవాఖానలో అమ్మ కడుపు కోసి నన్ను బయటికి తీశారు. అమ్మా బతికింది, నేనూ బతికాను. కనిపిస్తూనే ఉన్నాను కదా!

ఇక్కడ వాడలో పడుగు చచ్చింది. సాయంత్రం బండి తోలుకొచ్చిన చాంద్‌పాషా, అరుగు మీద ఎండుతున్న దాన్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! గిది పడుగా, సేమియా ముద్దా?" అన్నాడు. వాడ ఆడవాళ్లంతా వచ్చి చూసి పారెయ్యమని చెప్పి పోయారు. సాంబయ్య లోపలికి పోయాడు. అటక మీది రేకు పెట్టె దించి దుమ్ము దులిపాడు.

"పెట్టె దించితే దించినవ్. అంగీలు మాత్రం పెట్టకు," అంది శంకరవ్వ. "దసరాకు ఇంక ఇరువైరెండు దినాలున్నయి."

మర్నాడు పొద్దున ఆ ముద్దను అరుగు పొడవునా, అరుగు సరిపోక పక్కింటి అరుగు దాకా పరిచి, ఒక కొసన కూర్చుంది. వేళ్లతో నీళ్లు చిలకరించి, గంజి నానేదాకా ఆగి, గోటితో ఒక పోగును, తర్వాత ఇంకో పోగును విడదీయసాగింది. లాగితే తెగుతుంది, తొందరపడితే చిక్కుపడుతుంది. రెండు వేల పోగులు, నలభై గజాలు. పొద్దుగూకేసరికి రెండు గజాలే విడిపోయాయి. చూసినవాళ్లు నవ్వుదామనుకున్నారు గానీ ఆమె ముఖం చూసి మానుకున్నారు. నన్నడిగితే మొండితనం అసలు పని అదే. జీపును ఆపడంలో ఏముంది? అది సరదా. ఎవరూ చూడనప్పుడు, గెలుస్తామో లేదో తెలియనప్పుడు రెండో పోగు మీద చెయ్యి వెయ్యాలి. అది నాకు లేదు. నేను మూడు పోగులకే విసిరికొట్టేదాన్ని.

మూడో రోజు నాయనమ్మ దవాఖాన నుంచి వచ్చింది, అమ్మ దగ్గర బాపును ఉంచి. బస్సు దిగి వాడలోకి వచ్చి, ఇంట్లోకి పోకుండా శంకరవ్వ అరుగు ముందు నిలబడింది. కొంగు నడుముకు దోపింది. పోయి పడుగు రెండో కొసన కూర్చుని, నీళ్లు చిలకరించి, మొదటి పోగు విడదీసింది. శంకరవ్వ తలెత్తలేదు. పొమ్మననూ లేదు.

ఒక గంట తర్వాత నాయనమ్మ గొంతు విప్పింది. "ఓ సాంబయ్యా, గా మనిషినడుగు, ముందుగాల పల్కరిచ్చింది ఎవలో. వాడంత ఇన్నది."

సాంబయ్య ఇంకా నోరు తెరవనేలేదు. "నేను ఎద్దులను అదిలిచ్చిన. గా ముచ్చట చెప్పు!" అంది శంకరవ్వ.

"ఎద్దులను 'కిష్టవ్వా' అని అదిలిస్తరా? అడుగు సాంబయ్యా!"

"నా గంజి మంచిగుందని ఇంక ఎవలూ అనలే. గదీ చెప్పు!"

సాంబయ్య ఇటు చూశాడు, అటు చూశాడు. "ఇద్దరికి ఇనవడ్డది," అని లోపలికి పోయాడు. ఆ ఏడాది కోటా అంతటితో అయిపోయి ఉంటుంది.

వాడంతా పందేలు కాసింది. ఎవరు ముందు లొంగుతారని చాంద్‌పాషా శంకరవ్వ మీద నాలుగు బీడీ కట్టలు కాశాడు. ఐలవ్వ నాయనమ్మ మీద తమలపాకుల కట్ట కాసింది. ఆ ఇద్దరికీ ఇవేవీ పట్టలేదు. ఒకరు ఆ కొస నుంచి, ఒకరు ఈ కొస నుంచి, రోజుకు కొంచెం కొంచెం దగ్గరకు జరిగారు. ఆకలైతే ఎవరి ఇంట్లో వాళ్లు తిని వచ్చారు. ఎనిమిదో రోజు పొద్దెక్కేసరికి మోకాళ్లు మోకాళ్లు తగిలాయి. మధ్యలో పిడికెడు ముద్ద మిగిలింది. రెండు చేతులూ ఒకేసారి దాని మీద పడ్డాయి.

నాయనమ్మ ఒక పోగు తీసి రెండు వేళ్ల మధ్య రాసింది, తొమ్మిదేళ్ల కింద రాసినట్టే. ఇంకోసారి రాసింది.

"పలుచన," అంది.

శంకరవ్వ ముఖం ఎర్రబడింది. లేవబోయింది.

"కూసో," అంది నాయనమ్మ. ఆ మాట మేకతో అనలేదు, సాంబయ్యతో అనలేదు. "పలుచన గావట్టే ఇడివడ్డది. రెండు వేల పోగులల్ల పది తెగలే. గిదే నా గంజి అయితే ఒక్కటి దక్కకపోతుండె." ఆ పోగును సాపు చేసి పక్కన పెట్టింది. "నీ గంజే మంచిది శంకరీ."

శంకరవ్వ ఏమంటుందోనని సందులో అందరూ చెవులు రిక్కించారు. ఆమె తల వంచుకుని చివరి పోగులు విడదీసింది. కళ్లు తుడుచుకుందని ఐలవ్వ చెప్పేది, చెమట తుడుచుకుందని చాంద్‌పాషా వాదించేవాడు.

"గీ మాట చెప్పనీకి తొమ్మిదేండ్లా?" అంది చివరికి.

"తొమ్మిదేండ్ల కింద తడిసిన పడుగు నాకు యాడ దొరుకుతుండె?" అంది మా నాయనమ్మ.

దసరాకు రెండు రోజుల ముందు పది ధోతులు సంఘానికి చేరాయి. నూలు నెలనెలా వచ్చింది. సాంబయ్య షోలాపూర్ పోలేదు. ఆ రేకు పెట్టెలో శంకరవ్వ ఎండుమిరపకాయలు పోసుకుంది. అమ్మ నన్నెత్తుకుని ఇంటికి వచ్చిన రోజు ఆమె గిన్నె నిండా పొగలు కక్కే గంజి తెచ్చింది. "ఇగో సత్తవ్వా, గిది బాలింతకు వోసే గంజి. తేడా ఏందో మీ అత్తకు జర రుచి చూపియ్యి," అంది. నాయనమ్మ సగం తనే తాగిందట.

తర్వాత వాళ్లిద్దరూ కలిసిపోయారని మీరు సంతోషపడుతున్నారేమో. ఎక్కడ కలిశారు? మాటలు వచ్చాక పోట్లాటలు పది రెట్లు పెరిగాయి. అన్ని పోట్లాటలూ చివరికి ఒక్కదాని దగ్గరికే చేరేవి. ఆ పొద్దు ముందుగా పలకరించింది ఎవరు? "నువ్వే," అనేది నాయనమ్మ. "నేను ఎద్దులను అదిలిచ్చిన," అనేది శంకరవ్వ. నా పదకొండేళ్లూ దీన్ని వింటూనే పెరిగాను.

పదకొండో ఏట ఒక రోజు శంకరవ్వకు మగ్గం కోసం నూలు కండెలు చుట్టి ఇస్తూ అడిగేశాను. "అవ్వా, ఒట్టేసి చెప్పు. గప్పుడు అన్నది ఎద్దులనా, మా నాయనమ్మనా?"

శంకరవ్వ వాకిలి వైపు చూసింది. ఎవరూ లేరని నిశ్చయం చేసుకుని నా చెవి దగ్గరికి వంగింది.

"మీ నాయినమ్మనే పిల్సిన. గా బండిల దాని మొకం సూడలేకపోయిన బిడ్డా. పడుగు తాడు ఇప్పకముందే నా పంతం పోయింది." వెంటనే నా చెవి మెలిపెట్టింది. "దానికి చెప్పినవంటే నీ కాళ్లు ఇరగ్గొడ్త!"

ఆ సంగతి నాయనమ్మ ఎలా పసిగట్టిందో తెలియదు. అప్పటి నుంచి నా వెంట పడింది. బెల్లం పెట్టింది, బతిమాలింది, తిట్టింది. వేములవాడ జాతరకు తీసుకుపోతానంది. శంకరవ్వ పోయిన తర్వాత కూడా అడిగింది. "ఇగ ఆమె లేదు గదనే, ఇప్పుడన్న చెప్పు. ఎద్దులనా, నన్నా?"

"ఎద్దులనే," అన్నాను.

నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అచ్చం శంకరి లెక్కనే మొండి ముండవు," అంది.